మూడు పాయింట్లు చాలు కదయ్యా!

2017 ఫిబ్రవరి 5 రాత్రి హ్యూస్టన్‌లో, సూపర్ బౌల్ నాలుగో క్వార్టర్లో, అట్లాంటా ఫాల్కన్స్ చేతిలో ఏమేం ఉన్నాయో ముందు లెక్క చెబుతాను. స్కోరు 28-20, ఆధిక్యం మనది. గడియారంలో మిగిలింది 4 నిమిషాల 40 సెకన్లు. బంతి మన దగ్గరే ఉంది, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ గోల్ గీతకి 22 గజాల దూరంలో. బయట మ్యాట్ బ్రయంట్ నిలబడి ఉన్నాడు. ఆ సీజన్ లీగ్ మ్యాచుల్లో 37 సార్లు ఫీల్డ్ గోల్‌కి తన్ని 34 సార్లు బంతిని స్తంభాల మధ్యకి పంపినవాడు. స్టేడియం కప్పు మూసి ఉంది, గాలీ లేదు, వానా లేదు. అక్కడినుంచి తన్నితే దూరం దాదాపు 40 గజాలు. పడితే 31-20. ఆ మూడు పాయింట్ల కోసం ఎవరూ ఘనకార్యం చేయనక్కర్లేదు. బంతిని పొట్టకి అదుముకుని గుంపులోకి దూరి, బుద్ధిగా కింద పడితే సరిపోతుంది.

మా వాళ్ళు పాస్‌కి వెళ్ళారు. 34-28 తేడాతో, ఓవర్‌టైంలో ఓడారు.

ఇన్నేళ్ళయినా ఆ ఓటమిని దురదృష్టం ఖాతాలో వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. టామ్ బ్రేడీ మహిమ అనేవాళ్ళని చూస్తే ఇంకా మండుతుంది. బ్రేడీ గొప్పవాడే, కాదనను. కానీ ఆ రాత్రి తలుపు తీసిపెట్టింది మనం. తీసినవాడు అఫెన్సివ్ కోఆర్డినేటర్ కైల్ షానహన్. తీస్తుంటే చూస్తూ ఊరుకున్నవాడు హెడ్ కోచ్ డాన్ క్విన్.

క్రికెట్ తప్ప మరో ఆట పట్టనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్లో బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకి జరిగితే మళ్ళీ నాలుగు. ప్రతి ప్రయత్నానికీ ముందు ఏం ఆడాలో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్లో ఉన్న స్పీకర్ ద్వారా అతని చెవిలో పడుతుంది. బంతితో పరుగెత్తాలా, పాస్ విసరాలా అన్నది అక్కడ తేలుతుంది. పరుగెత్తినవాణ్ణి మైదానం లోపల పడేస్తే గడియారం తిరుగుతూనే ఉంటుంది. పాస్ ఎవరికీ అందక నేల మీద పడితే గడియారం ఆగుతుంది. విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పట్టి పడేస్తే దాన్ని శాక్ అంటారు, తర్వాతి ఆట పడినచోటినుంచే మొదలు. గోల్ గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, ఆపైన ఒకటో రెండో అదనం. స్తంభాల మధ్యనుంచి తన్నితే ఫీల్డ్ గోల్, మూడు. అంటే బంతి ఒకసారి దక్కితే ఎవరైనా సంపాదించగలిగింది ఎనిమిదికి మించదు. ఈ ఎనిమిదిని మరిచిపోకండి.

మొదటి సగంలో ఫాల్కన్స్ ఆడిన ఆట చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. డెవాంటా ఫ్రీమన్ పరుగుతో ఒకటి, ఆస్టిన్ హూపర్‌కి పాస్‌తో ఒకటి, రాబర్ట్ ఆల్ఫర్డ్ బ్రేడీ పాస్‌ని మధ్యలో పట్టేసి 82 గజాలు పరుగెత్తితే ఇంకొకటి: 21-0. సగం అయ్యేసరికి 21-3. మూడో క్వార్టర్లో టెవిన్ కోల్‌మన్ క్యాచ్‌తో 28-3. అప్పటిదాకా సూపర్ బౌల్లో ఏ జట్టూ పది పాయింట్లకి మించిన వెనకబాటునుంచి కోలుకుని గెలవలేదు. ఇక్కడ తేడా ఇరవై అయిదు. ఆ సీజన్లో లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు, 540, కొట్టిన జట్టు ఫాల్కన్స్. క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్ ఆ ఏటి ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. ఈ దాడి మొత్తాన్నీ తీర్చిదిద్దింది షానహనే, అందులో ఆయన తెలివిని శంకించడానికి ఏమీ లేదు. నా కోపం కూడా అక్కడినుంచే పుట్టింది. చేతకానివాడు చేసిన తప్పయితే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

తప్పులు రెండు. మొదటిది చిన్నగా కనిపిస్తుంది, అయినా దానితోనే మొదలుపెట్టాలి.

పేట్రియట్స్ కోలుకోవడం మొదలుపెట్టారు, స్కోరు 28-12. ఆటలో ఇంకా ఎనిమిది నిమిషాల పైచిలుకు ఉంది. మన సొంత 36 గజాల గీత దగ్గర మూడో ప్రయత్నం, కావలసింది ఒక్క గజం. ఒక్కటంటే ఒక్కటే. ఆ రాత్రి మొత్తం మీద ఫాల్కన్స్ 18 సార్లు బంతితో పరుగెత్తి 104 గజాలు సంపాదించారు. సగటున ఒక్కో పరుగుకి దాదాపు ఆరు గజాలు పడింది. అలాంటి రోజున, ఒక్క గజం కావలసిన చోట, రయన్ వెనక్కి జరిగి పాస్ కోసం చెయ్యి ఎత్తాడు. పేట్రియట్స్ ఆటగాడు డాంటా హైటవర్‌ని ఫ్రీమన్ అడ్డుకోలేకపోయాడు. హైటవర్ సూటిగా వచ్చి రయన్ మీద పడ్డాడు, బంతి చేతిలోంచి జారింది, పేట్రియట్స్ దాన్ని మన 25 గజాల గీత దగ్గర దక్కించుకున్నారు. కాసేపటికే టచ్‌డౌన్, దాని మీద రెండు పాయింట్లు. 28-20.

ఫ్రీమన్ అడ్డుకోలేదు, నిజమే. మర్నాటినుంచి అట్లాంటాలో అతన్ని తిట్టని నోరు లేదు. ఒక్క గజం కోసం పాస్ పిలిచి, పరుగెత్తడం పనిగా బతికే కుర్రాణ్ణి హైటవర్ లాంటి మొండిఘటానికి అడ్డం నిలబెట్టింది ఎవరు? తిట్టేది అడ్డుకోలేనివాణ్ణా, అడ్డుకోమని నిలబెట్టినవాణ్ణా? పరుగు కూడా పూర్తిగా సురక్షితం కాదు, కానీ పరుగులో బంతి గాల్లో ఉండదు, క్వార్టర్‌బ్యాక్ వెన్ను చూపించి నిలబడి ఉండడు.

ఇక రెండోది. దీని దగ్గర కాస్త ఆగుతాను.

28-20 అయ్యాక ఫాల్కన్స్‌కి బంతి వచ్చింది. మొదటి ఆటలోనే రయన్ ఫ్రీమన్‌కి చిన్న పాస్ ఇస్తే వాడు 39 గజాలు ఈడ్చుకెళ్ళాడు. ఇంకాసేపటికి జూలియో జోన్స్ క్యాచ్. నేను చూసిన క్యాచుల్లో దానికి సాటి వచ్చేవి కొద్ది. మైదానం కుడి అంచు గీత వెంబడి పరుగెత్తుతున్నాడు, వెంట ఎరిక్ రో అతుక్కుని ఉన్నాడు. బంతి ఇద్దరి తలల మీదుగా వచ్చింది. జోన్స్ పైకి లేచి రెండు చేతులతో అందుకున్నాడు. ఒళ్ళంతా గీత బయటికి వాలిపోతోంది. కాళ్ళు మాత్రం లోపలే ఉన్నాయి, రెండు బొటనవేళ్ళూ పచ్చికకి తగిలేదాకా. అవి తగిలాకే పడ్డాడు. 27 గజాలు. బంతి 22 గజాల గీత మీద.

ఇక్కడిదాకా పాస్ పిలిచినందుకు షానహన్‌ని ఒక్క మాట అనను. సొంత గోల్ గీతకి పది గజాల దూరంలో ఇరుక్కున్న జట్టు బయటపడాలంటే పాసే దారి. దారి దొరికింది, బయటపడ్డారు. 22 గజాల గీతకి చేరేసరికి పరిస్థితి పూర్తిగా మారిపోయింది, ఆయన ఆలోచన మాత్రం మారలేదు. కొత్త గీత దగ్గర కొత్త లెక్క వేసుకోవాలి. అది వేసి ఉంటే కోచ్ కానివాడికి కూడా జవాబు దొరికేది. తేడా ఎనిమిది, పేట్రియట్స్‌కి ఒక్క అవకాశంలో వచ్చేది కూడా ఎనిమిదే. మనం మూడు కలిపితే తేడా పదకొండు. పదకొండంటే వాళ్ళకి బంతి రెండుసార్లు కావాలి, ఒక్కసారితో తీరదు. ఎనిమిదినుంచి పదకొండుకి వెళ్ళడమే ఆ పూట మనకి మిగిలిన పని. ఇంకో టచ్‌డౌన్ అక్కర్లేదు, ఇంకో పది గజాలు కూడా అక్కర్లేదు.

మొదటి ప్రయత్నం ఫ్రీమన్ పరుగు. ఒక గజం వెనక్కి. పోనీ, 23 గజాల గీత. ఇంకా బ్రయంట్ తన్నగలిగిన చోటే.

రెండో ప్రయత్నం. రయన్ పాస్ కోసం వెనక్కి జరిగాడు. పేట్రియట్స్ ఆటగాడు ట్రే ఫ్లవర్స్ వచ్చి పడేశాడు. పన్నెండు గజాలు పోయాయి. 35 గజాల గీత.

ఇప్పటికీ కథ ముగియలేదు, ఈ ముక్క చాలామంది మరిచిపోతారు. 35 నుంచి తన్నితే 52, 53 గజాలు. కష్టం, కానీ తన్నలేనంత దూరం కాదు. మూడో ప్రయత్నంలో బంతి ఫ్రీమన్‌కి ఇచ్చి, రెండు మూడు గజాలు వస్తే తీసుకుని, బ్రయంట్‌ని పిలిస్తే అయిపోయేది. మళ్ళీ పాస్. మహమ్మద్ సాను పట్టాడు కూడా, కానీ అది చెల్లలేదు. మన ముందు వరుసలోని జేక్ మాథ్యూస్ ప్రత్యర్థిని పట్టి లాగాడని ఫ్లాగు పడింది, పది గజాల జరిమానా. 45 గజాల గీత. అక్కడినుంచి ఫీల్డ్ గోల్ అంటే 62, 63 గజాలు. అప్పటికి లీగ్ చరిత్రలో అత్యధిక దూరం 64. ఇంకో పాస్, అదీ నేలపాలు. ఇక పంట్ తన్నేశారు, అంటే బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించేశారు.

22 గజాలనుంచి 45 గజాలకి, నాలుగు ఆటల్లో. బంతి మన చేతుల్లోనే ఉండి, ప్రత్యర్థి లాక్కోకుండానే, మనంతట మనం 23 గజాలు వెనక్కి నడిచాం. నెత్తిన పెట్టుకుని ఊరేగించాల్సిన దాన్ని నేలకేసి కొట్టడమంటే ఇదే.

తర్వాతిది అందరికీ తెలిసిందే. మూడున్నర నిమిషాలు మిగిలి ఉండగా తమ 9 గజాల గీత దగ్గర బయలుదేరిన పేట్రియట్స్ 91 గజాలు నడిచి టచ్‌డౌన్ కొట్టి, ఆ రెండు అదనపు పాయింట్లూ దక్కించుకుని 28-28 చేశారు. మధ్యలో జూలియన్ ఎడెల్మన్ నేలకి వేళ్ళ వెడల్పులో ఆల్ఫర్డ్ కాలి మీదనుంచి బంతిని ఏరుకున్న ఆ క్యాచ్ ఒకటి. అప్పటికి 57 సెకన్లు మిగిలాయి. ఇక్కడ ఒక్కసారి ఆగి బ్రయంట్ మూడు పాయింట్లు కలపండి. అదే 91 గజాలూ, అదే ఎడెల్మన్ క్యాచ్, అదే అదనపు రెండు పాయింట్లు, ఏమీ మార్చకండి. 31-28. ఆధిక్యం మనదే, మిగిలింది 57 సెకన్లు. వాళ్ళకి మిగిలిన దారి తామే తన్నిన బంతిని తామే దక్కించుకునే గాలివాటు ప్రయత్నం. బ్రేడీ మహిమ అంటున్నారే, ఆ మహిమ మొత్తాన్నీ యథాతథంగా ఒప్పుకున్నా మనమే గెలిచే స్థానంలో ఉంటాం. ఓవర్‌టైంలో టాస్ వాళ్ళు గెలిచారు, మొదటి అవకాశంలోనే టచ్‌డౌన్ కొట్టారు, అప్పటి నిబంధన ప్రకారం అంతటితో ఆట ముగిసింది. లీగ్ ఎంవీపీ మ్యాట్ రయన్ ఓవర్‌టైంలో ఒక్కసారి కూడా బంతి ముట్టలేదు.

షానహన్ పక్షాన వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ వాదనలు నాకు కంఠతా వచ్చు.

ఒకటి: దూకుడు మా సహజ గుణం, దూకుడుతోనే అంతదాకా వచ్చాం, అక్కడ మానేస్తే మాకు మేమే ద్రోహం చేసుకున్నట్టు. వినడానికి భలే ఉంటుంది. 2007 సెప్టెంబరు 24న జొహానెస్‌బర్గ్‌లో, మొదటి టీ20 ప్రపంచ కప్ ఫైనల్లో, మిస్బా ఉల్ హక్ కూడా దూకుడుతోనే అంతదాకా వచ్చాడు. జోగిందర్ శర్మ ఓవర్లో అంతకుముందు బంతికే సిక్సు కొట్టాడు. ఆఖరి వికెట్, నాలుగు బంతుల్లో ఆరు పరుగులు. వంగి ఫైన్‌లెగ్ మీదుగా లేపబోయాడు, శ్రీశాంత్ చేతుల్లో పడింది. మన ఇళ్ళల్లో టపాసులు పేలాయి కాబట్టి ఆ షాట్‌ని మనమెవరం తప్పుపట్టలేదు. పాకిస్తాన్‌లో ఆ షాట్ ఎందుకు ఆడావని అతన్ని ఎన్నేళ్ళు అడిగారో అతనికే తెలుసు. నాలుగు బంతుల్లో ఆరు కావాలి, ఒక్క బంతిలో కాదు. ఆట మిమ్మల్ని దూకమని అడగని చోట దూకితే దాన్ని గుణం అనరు, అలవాటు అంటారు.

రెండు: పిలిచిన ఆట మంచిదే, ఆడినవాళ్ళు చెడగొట్టారు. రయన్ బంతిని బయటికి విసిరేయాల్సింది, మాథ్యూస్ చెయ్యి వేయకుండా ఉండాల్సింది. నిజమే, రయన్ విసిరేయాల్సిందే, అతని భాగం అతనికి ఉంది. కానీ ఆటగాళ్ళు అలసిపోతారని, తడబడతారని తెలిసి ఆడించడమే కదా ఆ ఉద్యోగం! ముందు వరుసలోని సెంటర్ అలెక్స్ మ్యాక్ ఆ మ్యాచ్ విరిగిన కాలి ఎముకతో ఆడాడు. ఆ రాత్రి రయన్ అయిదుసార్లు శాక్ అయ్యాడు. ముందు వరుస బీటలు వారుతోందని స్టాండ్స్‌లో కూర్చున్నవాడికి కూడా కనిపిస్తోంది. ఆ వరుసని నమ్మి, పాస్ అవసరం లేని చోట రయన్‌ని మూడు సెకన్లు నిలబడమన్నాడు కోఆర్డినేటర్. శాక్ అయితే ఏం పోతుందో ముందే తెలుసు, పోగొట్టుకునేది ఆ మూడు పాయింట్లే. పాస్ పడితే వచ్చే లాభం ఎంత? టచ్‌డౌన్. అది వద్దని చెప్పను గానీ, దానికోసం ఇంటి పత్రాలు తాకట్టు పెట్టేవాణ్ణి మన ఊళ్ళో ఏమంటారో పాఠకులకి తెలుసు.

మూడో వాదన కొంచెం గట్టిది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఓడాక ప్రతివాడూ పండితుడే, పాస్ పడి ఉంటే ఇదే షానహన్‌ని మేధావి అని కీర్తించేవారు, అంటారు. ఈ మాటకి జవాబు కావాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 2015 ఫిబ్రవరి 1, గ్లెండేల్, అరిజోనా. సియాటిల్ సీహాక్స్ 24, పేట్రియట్స్ 28. సియాటిల్ చేతిలో బంతి, గోల్ గీతకి ఒక్క గజం, రెండో ప్రయత్నం, 26 సెకన్లు, ఒక్కటే టైం‌అవుట్. వెనకాల మార్షాన్ లించ్, ముందు ఆటలోనే నాలుగు గజాలు తొక్కుకుంటూ వచ్చినవాడు. పీట్ కెరోల్ జట్టు పాస్ వేసింది. మాల్కమ్ బట్లర్ అనే అనామక కుర్రాడు మధ్యలోకి దూకి పట్టేశాడు. అయిపోయింది. లించ్‌కి ఎందుకివ్వలేదని ఆ రాత్రినుంచి ఈ రోజుదాకా ప్రపంచమంతా కెరోల్‌ని తిడుతోంది.

నేను తిట్టను. కెరోల్ లెక్క వేసుకున్నాడు. ఒక్క టైం‌అవుట్‌తో 26 సెకన్లలో మూడు ప్రయత్నాలూ వాడుకోవాలంటే ఎక్కడో ఒకచోట పాస్ వేయాలి, ఎందుకంటే అది నేల మీద పడితే గడియారం ఆగుతుంది. పేట్రియట్స్ గోల్ గీత దగ్గర బరువైనవాళ్ళని దింపారు, పరుగుకి ఎదురు నిలబడి ఉన్నారు. ఆ సీజన్ మొత్తంలో ఒక గజం గీతనుంచి విసిరిన పాసుల్లో ప్రత్యర్థి చేతికి చిక్కింది అదొక్కటే. ఆ పాస్‌కి బదులు ఇంకో రకం పాస్ పిలవాల్సిందని వాదించవచ్చు, ఆ వాదనలో పస ఉంది. కానీ పాస్ వేయడమే నేరమంటే ఒప్పుకోను. అక్కడ వాళ్ళకి టచ్‌డౌన్ కావాలి, మూడు పాయింట్లు పనికిరావు. పాస్ అనే ప్రమాదం అవసరం కొద్దీ తీసుకున్నది. అట్లాంటాకి ఆ అవసరం లేదు. కాబట్టి నా తీర్పు ఫలితాన్ని చూసి ఇచ్చింది కాదు. రయన్ ఆ రెండో ప్రయత్నంలో టచ్‌డౌన్ విసిరి ఉంటే, ట్రోఫీ అట్లాంటా వీధుల్లో ఊరేగి ఉంటే, అప్పుడు కూడా అది తప్పుడు పిలుపే. తప్పు చేసి తప్పించుకున్నాడని రాసేవాణ్ణి, పండగలో ఎవరూ చదివేవారు కాదు.

సియాటిల్ ఓడిన ఆ రాత్రి వాళ్ళ రక్షణ దళం కోచ్ ఎవరో తెలుసా? డాన్ క్విన్. అక్కడినుంచి తిన్నగా అట్లాంటాకి హెడ్ కోచ్‌గా వచ్చాడు. గెలుపు చేతిలో ఉండి జారిపోవడం ఎలా ఉంటుందో ఈ భూమ్మీద అతనికన్నా బాగా తెలిసినవాడు లేడు. అతను హ్యూస్టన్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడ్డాడు. దాడి వ్యవహారం షానహన్‌కి అప్పగించానని, అందులో వేలు పెట్టనని అనుకోవచ్చు. మామూలు మ్యాచుల్లో అది పెద్దరికం. సూపర్ బౌల్ చివరి అయిదు నిమిషాల్లో 22 గజాల గీత దగ్గర అది బాధ్యతనుంచి తప్పుకోవడం. హెడ్ కోచ్ ఒక్క మాట అంటే చాలు: పరుగెత్తించు, తన్నించు. ఆ మాట అనడానికే ఆయనకి ఆ జీతం.

ఆ మ్యాచ్ లెక్కల్లో నన్ను ఎప్పుడూ కుదిపేసేది ఇంకో జత అంకెలు: పేట్రియట్స్ 93 ఆటలు ఆడారు, సూపర్ బౌల్ రికార్డు. ఫాల్కన్స్ ఆడినవి 46. బంతి మన దగ్గర ఉన్న సమయం 23 నిమిషాల పైచిలుకు, వాళ్ళ దగ్గర 40 నిమిషాలకి పైగా. మన రక్షణ దళంలోని కుర్రాళ్ళు మొదటి సగంలో బ్రేడీని చిత్తుచిత్తుగా కొట్టారు. నాలుగో క్వార్టర్‌కి నడుం మీద చేతులు పెట్టుకుని వగరుస్తున్నారు. ముందంజలో ఉన్న జట్టు ఒక్కో ఆట మొదలుపెట్టడానికి గడువు చూపే ప్లే క్లాక్‌ని చివరిదాకా కరగనిచ్చి అప్పుడు బంతి తీస్తుంది, ఇది బడి పిల్లల కోచ్‌కి కూడా తెలుసు. మనవాళ్ళు ఆ గడియారంలో బోలెడు సెకన్లు ఉండగానే బంతి తీస్తూ పోయారు. రక్షణ దళం ఊపిరి కోసమైనా పరుగెత్తించాల్సింది. రక్షణ దళం చివరి పావుగంటలో చేతులెత్తేసిందని నిందించేవాళ్ళు, వాళ్ళని అన్నిసార్లు మైదానంలోకి తోలింది ఎవరో కూడా చెప్పాలి.

సూపర్ బౌల్ మర్నాడే శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ షానహన్‌ని హెడ్ కోచ్‌గా ప్రకటించింది. మంచి కోచ్ అని మళ్ళీ రుజువు చేసుకున్నాడు, జట్టుని మూడేళ్ళలో సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళాడు. ఆ మ్యాచ్‌కి రెండు వారాల ముందు గ్రీన్ బే ప్యాకర్స్ మీద రహీమ్ మోస్టర్ట్ 220 గజాలు పరుగెత్తి నాలుగు టచ్‌డౌన్లు కొట్టాడు. క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ గరొప్పలో మ్యాచ్ మొత్తం మీద విసిరినవి ఎనిమిదే పాసులు. అంటే పరుగుతో గెలవడం ఈయనకి చేతకాక కాదు. 2020 ఫిబ్రవరి 2, మయామి. కాన్సాస్ సిటీ చీఫ్స్ మీద నాలుగో క్వార్టర్లో 20-10 ఆధిక్యం. అది 20-17కి తగ్గాక బంతి దక్కింది. మొదటి ప్రయత్నం మోస్టర్ట్ పరుగు, అయిదు గజాలు. ఇంకో అయిదు కావాలి, ప్రయత్నాలు రెండున్నాయి. రెండూ పాసులే పిలిచాడు, రెండూ నేలపాలు, గడియారం రెండుసార్లూ ఆగింది. పంట్. చీఫ్స్ 31-20 తేడాతో గెలిచారు. ఆ రాత్రి టీవీ ముందు హ్యూస్టన్ గుర్తొచ్చింది నా ఒక్కడికే కాదు. 2024లో లాస్ వేగస్‌లో మళ్ళీ సూపర్ బౌల్, మళ్ళీ చీఫ్స్, మళ్ళీ ఓవర్‌టైం, 25-22. దాని మీద వేరే వాదనలున్నాయి, అవి ఇక్కడికి లాగను.

అట్లాంటాకి ఉత్తరాన ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, కమింగ్ వైపు మన తెలుగువాళ్ళు గుంపులు గుంపులుగా ఉంటారు. వచ్చిన కొత్తలో ఈ ఆటని గుద్దులాట అని నవ్వినవాళ్ళే, పిల్లలు బడిలో ఆడటం మొదలుపెట్టాక లైన్‌బ్యాకర్ పేర్లు కూడా వల్లించేస్తున్నారు. ఈ ఊళ్ళో 28-3 అనేది స్కోరు కాదు, తిట్టు. బోస్టన్ వైపు ఉండే బావమరుదులు పెళ్ళిళ్ళలో కలిస్తే అన్నయ్యా బాగున్నారా అనే ముందు ఆ అంకె చెబుతారు. నాకు అభ్యంతరం ఆ అంకె మీదే. 28-3 అంటే ఇరవై అయిదు పాయింట్లు పోగొట్టుకున్నాం అన్నట్టు ధ్వనిస్తుంది, ఏదో వరదలో కొట్టుకుపోయినట్టు, ఎవరూ ఏమీ చేయలేనట్టు. దానితో అసలు సంగతి మరుగునపడుతుంది. ఆ ఇరవై అయిదులో పదిహేడు పోయాక కూడా మ్యాచ్ మన చేతుల్లోనే ఉంది. ఎగతాళి చేయాలంటే సరైన అంకె 28-20, ఆ పక్కన 22 గజాలు. అది మాత్రం వరద కాదు. ఒక మనిషి హెడ్‌సెట్లో చెప్పిన మాట.

ఫ్రీమన్ మీద, మాథ్యూస్ మీద కోపం తీర్చుకునే నా తోటి అట్లాంటా వాళ్ళకి ఒక విన్నపం. ఆ నాలుగో క్వార్టర్ వీడియో దొరుకుతుంది, మళ్ళీ చూడండి. జూలియో జోన్స్ పడి లేచి బంతి రెఫరీకి ఇచ్చాక అక్కడ ఆపండి. తెర మీద స్కోరు చూడండి, గడియారం చూడండి, గీత చూడండి. తర్వాతి ఆట ఏం పిలుస్తారో మీరే నిర్ణయించుకుని అప్పుడు ముందుకి జరపండి.

మొత్తం మ్యాచ్‌లో మ్యాట్ బ్రయంట్‌కి ఫీల్డ్ గోల్ తన్నే అవకాశం ఒక్కసారి కూడా ఇవ్వలేదు.